పడమటికి పోయినవారి జాడ

అమెరికాలో తమ పూర్వులను వెదకుకొనువారి సౌభాగ్యమును తలచినప్పుడెల్ల నాకొకింత అసూయ కలుగుచుండును. ఆ దేశమున 1790 మొదలుకొని పదేండ్లకొకమారు జనాభా లెక్కలు తీసిరి. 1850 నుండి యజమాని పేరే గాక ఇంటనున్న స్వతంత్రులందరి పేర్లును వ్రాసిరి. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టము క్రింద 160 ఎకరములకై పడమటికి బండి తోలుకొనిపోయిన రైతు పెట్టుకొన్న దరఖాస్తు సైతము అచ్చట దొరకును. మన 1871 నాటి లెక్కలలో సంఖ్యలు మిగిలినవి గాని పేర్లు మిగులలేదు. దహనము చేసి అస్థికలను కృష్ణలో కలిపెడి ఇండ్లవారికి సమాధిశిలల ఆధారమును లేదు. బందరులోని డచ్చివారి శ్మశానవాటికలో, ఎక్కడనో పుట్టి ఇక్కడి మట్టిలో కలసిన వర్తకుల పేర్లు శతాబ్దములు గడచినను రాతిపై నిలిచియున్నవి. వారికి బట్టలు నేసియిచ్చిన మన మగ్గములవారి పేర్లు చెప్పగలవారెవరు?

అయినను మన డెల్టావారికిని ఒక పడమర కలదు. 1855లో బెజవాడ కడ ఆనకట్ట పూర్తియై, కాలువనీరు క్రమముగ గుడివాడ, దివి తాలూకాల పొలములకందిన పిదప, భూమి విలువ హెచ్చుచుండగనే అన్నదమ్ముల పంపకములలో కమతములు చీలిపోయి, ముగ్గురు నలుగురు కొడుకులున్న రైతునకు తన చెక్క చాలదని తోచుచున్న కాలమున, మంజీరా నదిపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరము క్రింద, ఇచ్చట ఎకరమమ్మిన సొమ్మునకు పలు ఎకరములు వచ్చునను వార్త ఊరూర ప్రాకెను. బోధను, వర్ని, బాన్సువాడ ప్రాంతములకు సంసారములు తరలినవి. 1953 తరువాత మరికొందరు తుంగభద్ర నీటిని నమ్మి గంగావతి, సింధనూరు దిక్కునకు పోయిరి. వారి కొత్త ఊళ్లు పెక్కింటికి నేటికిని క్యాంపులనియే పేరు. (బీడు కొని బాగుచేసితిమని చెప్పుకొనుట వలసపోయినవారందరికిని అలవాటు, ఆ బీడు అంతకుమునుపు ఎవరి పశువులకు మేతయో అమెరికావారును చెప్పరు, మనవారును చెప్పరు.)

అడిగినవారికి వంశవృక్షములు వ్రాసిపెట్టుట నాకొక వ్యసనమైనది. ఈ పనిలో నేను ముందుగ నమ్మునది విక్రయ దస్తావేజును. తర్పణమాచరించు ఇండ్లలో మూడు తరముల పేర్లు నోటికి వచ్చును, ఆపైన ఊహయే. దస్తావేజో, వ్రాసియిచ్చినవాని పేరు, తండ్రి పేరు, వృత్తి, కాపురమున్న ఊరు చెప్పి, పిదప ఆస్తికి నాలుగు దిక్కుల హద్దులు చెప్పును. తొందరపడువారు హద్దులను చదువరు. నిధియంతయు అచ్చటనే యున్నది. తూర్పున ఫలానావారి భూమి, దక్షిణమున పంటబోదె, పడమట అన్నగారి వాటా, ఉత్తరమున లోగడ మరొకరికమ్మిన చెక్క — ఈ నాలుగు పంక్తులనుబట్టి పంపకమెట్లు జరిగెనో, ఏ సోదరుడు ముందు అమ్ముకొనెనో, ఎవడు ఊరనే నిలిచెనో తేల్చవచ్చును. పడమటికి పోయినవాడు మిగిలిన వాటాను అమ్మవచ్చినప్పుడు వ్రాయించిన కాగితము అన్నిటికంటె విలువైనది: స్వగ్రామము దివి తాలూకా ఫలానా, ప్రస్తుత కాపురము బోధను తాలూకా ఫలానా క్యాంపు అని ఒకే వాక్యములో రెండూళ్లును కలియును. ఇంటి పత్రము పోయినను రిజిస్ట్రారు కచేరీలో నకలు అడుగవచ్చును. అచ్చట పేర్ల సూచిక వేరు, ఆస్తుల సూచిక వేరు గనుక ఊరు తెలిసి పేరు తెలియనివారికిని దారి కలదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన మనుష్యులతోబాటు ట్రంకుపెట్టెలను గూడ కొనిపోయిన దివిసీమ ఊళ్లవారికి ఈ నకళ్లే దిక్కు. ఇక 1864 నవంబరు 1న బందరును ముంచి సుమారు 30,000 మందిని పొట్టబెట్టుకొన్న ఉప్పెనకు వెనుకటి తరములు దొరకుట మిక్కిలి దుర్లభము. ఊరి సంసారముల వరుసలు నోటిమీద చెప్పగల కరణముల వ్యవస్థయు 1984లో రద్దయ్యెను.

ఇంటిపేరును నమ్మి పరుగెత్తరాదు. గ్రామనామమే ఇంటిపేరైన కుటుంబము సాధారణముగ ఆ గ్రామమును విడిచివచ్చినదే. ఉన్న ఊరిలో ఎవరినీ ఆ ఊరి పేరుతో పిలువరు గదా! గాయకుడు ఘంటసాల వేంకటేశ్వరరావు 1922లో పుట్టినది గుడివాడ దాపున చౌటపల్లిలో. ఇంటిపేరు దివి తాలూకాలోని ఊరిని చూపును గాని ఆ వంశమువారెప్పుడు కదలిరో చూపదు.

దస్తావేజులలో స్త్రీలు కానరారనుట సగమే నిజము. పసుపు కుంకుమల క్రింద కూతురికిచ్చిన భూమి పత్రములో ఆమె పేరు, భర్త పేరు, అత్తవారి ఊరు కలవు. కొన్ని కుటుంబములకు పడమటి దారి చూపినది ఆ ఆడపడుచు అత్తవారేయని ఇట్టి పత్రములనుబట్టి నాకు తోచినది. మగవారి పేర్లు మాత్రమే నింపి అచ్చువేయింతుమను పెద్దమనుష్యులకు నేను వ్రాసియివ్వను. “ఆడపిల్లలు వేరే వంశం గదండీ, మాస్టారూ” అందురు. “వేరే వంశానికి పోయిన పిల్లేనయ్యా, మీ వంశాన్ని నైజాం తీసుకుపోయింది” అందును.

ఎటు వెదకినను దొరకనివారు పడమటికి తరలిన ఆ సంసారముల వెంట పోయిన పాలేర్లు. అమ్ముకొనుటకు వారికి చెక్క లేదు. హద్దుగ చెప్పుటకు గట్టు లేదు. అమెరికాలో 1850, 1860 నాటి లెక్కలు బానిసలను పేరు లేకుండ, వయస్సు మొదలగునవి మాత్రము వేసి, యజమాని క్రింద చూపినవి. మన కాగితములలో ఆపాటి గీతయు లేదు. బోధను దిక్కునుండి నాకు ఉత్తరములు వ్రాయువారు తమ తాతగారి పేరుతోబాటు, వారి వెంట వచ్చి పొలము దున్నినవారి పేర్లను గూడ, ముద్దుపేర్లే గుర్తున్నను సరే, వ్రాసి పంపగోరెదను.