ప్రయాణం తప్పా? ఒక చిత్రం వదిలేసిన లెక్క

స్వీడన్ బాలిక గ్రేటా థున్‌బర్గ్ మీద నేథన్ గ్రాస్‌మన్ తీసిన డాక్యుమెంటరీ 'ఐ యామ్ గ్రేటా' 2020లో విడుదలయింది. 2018 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లో పార్లమెంటు ముందు బడి మానేసి ఒంటరిగా కూర్చున్న పదిహేనేళ్ళ పిల్ల, 2019 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో ప్రసంగించే దాకా సాగిన కథ ఇది.

చిత్రంలో గుర్తుండిపోయేది సముద్రయానం. విమానం ఎక్కనని నిశ్చయించుకున్న గ్రేటా 2019 ఆగస్టు 14న ఇంగ్లండులోని ప్లిమత్‌లో 'మలీజియా 2' అనే పందెపు తెరచాప పడవ ఎక్కి, 28న న్యూయార్క్ చేరింది. పడవకు కావలసిన విద్యుత్తును సౌరఫలకాలు, నీటిలో తిరిగే టర్బైన్లు ఇచ్చాయి. ఎగసిపడే అలల మధ్య, ఇంటిని తలచుకుని బెంగపడే పిల్లను కెమెరా దాచకుండా చూపింది. అది చిత్రానికి బలం.

లోపం ఏమిటంటే, ఆ ప్రయాణాన్ని సాహసంగా చూపిందే తప్ప లెక్కగా చూపలేదు. పడవను యూరప్‌కు తిరిగి తేవడానికి సిబ్బందిలో కొందరు విమానాల్లో వెళ్ళవలసి వస్తుందని అప్పుడే పత్రికలు రాశాయి. ఈ చిక్కు మీద చిత్రం కాసేపు నిలిచి ఉంటే విద్యార్థులకు మంచి పాఠం అయ్యేది.

ఆ లెక్క మనమే వేద్దాం. లండన్ నుంచి న్యూయార్క్‌కు విమానంలో వెళ్ళి వస్తే, లెక్కగట్టే పద్ధతిని బట్టి కొంత తేడా ఉన్నా, ఒక్కొక్కరి వాటా దాదాపు ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్. సగటు భారతీయుడి వాటా ఏడాది మొత్తానికి సుమారు 2 టన్నులే. ఇక మన ఇంటికి వద్దాం. రోజుకు 5 గంటలు వెలిగే 60 వాట్ల బల్బు తీసి 9 వాట్ల ఎల్.ఇ.డి. పెడితే ఏడాదికి 93 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున 65 కిలోల కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. అంటే ఆ ఒక్క ప్రయాణానికి సరితూగాలంటే 15 బల్బులు మార్చి ఏడాది ఆగాలి.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఊళ్ళో నాలుగు మంచి పనులు చేశాం కనుక ఎన్నిసార్లు విమానం ఎక్కినా ఫరవాలేదనడం చెల్లదు. అలాగని ఊళ్ళో చేసే పని చిన్నదీ కాదు. ఒక బడిలోని 300 మంది పిల్లల ఇళ్ళలో ఒక్కొక్క బల్బు మారితే ఏడాదిలో 20 ప్రయాణాలకు సరిపోతుంది.

మరి గ్రేటా వెళ్ళడం అవసరమా? 2019 మార్చి 15న, అంటే పడవ ఎక్కడానికి ఐదు నెలల ముందే, వందకు పైగా దేశాల్లో విద్యార్థులు సమ్మె చేశారు. ఉద్యమాన్ని పాకించింది సముద్రయానం కాదు. తన ఊళ్ళో తాను కూర్చోవడం. ఆ పని ఎవరైనా, ఎక్కడైనా చేయగలరు. పందెపు పడవ అందరికీ దొరకదు. అయితే ప్రభుత్వాలు నిర్ణయాలు తీసుకునే గదిలో పిల్లల గొంతు వినబడటానికీ విలువ ఉంది. ఆ విలువను కిలోల్లో తూచలేం.

కనుక ప్రయాణానికి ముందు వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: నేను వెళ్తే జరిగే పని, ఉత్తరం రాస్తేనో ఫోనులో మాట్లాడితేనో జరగదా? చిత్రం ఈ ప్రశ్న అడగలేదు. మీ సైన్సు క్లబ్బులో చిత్రం చూపండి. చూశాక ఈ ప్రశ్న మీరు అడగండి.