ఏడాది చదువుకు కడప లెక్క

డిసెంబరు చివరికి వచ్చేసరికి చదివే అలవాటున్న వాళ్ల మధ్య ఒక ముచ్చట నడుస్తుంది. ఈ ఏడు ఎన్ని పుస్తకాలు చదివావు? యాభై దాటినవాడు గొంతు పెంచి చెబుతాడు, పది దాటనివాడు ఉద్యోగం మీదా పిల్లల పరీక్షల మీదా నెపం పెడతాడు. ఉగాది పంచాంగంలో ఆదాయ వ్యయాలు చూసుకున్నట్టే ఇదీ. కాకపోతే పంచాంగంలో రాజపూజ్యం, అవమానం అని ఇంకో రెండు గళ్లుంటాయి. చదువు లెక్కలో ఆ గళ్లు పెట్టేవాళ్లు తక్కువ. చదివినదాంట్లో ఏది నిలబడింది, ఏది తేలిపోయింది, ఎక్కడ రచయితతో పేచీ వచ్చింది అనేవి అంకెల్లో దొరకవు.

ఆ గళ్లు పూరించే పద్ధతి ఒకటి కడపలో రెండు వందల ఏళ్లుగా ఉంది. దాని చిరునామా ఎర్రముక్కపల్లె. ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్ బంగళా ఒకప్పుడు ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో భాషా పరిశోధన కేంద్రం, గ్రంథాలయం ఉన్నాయి. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా తిరిగి చందాలూ పుస్తకాలూ పోగుచేసి నిలబెట్టిన సంస్థ అది. తాళపత్రాలు, పాత పత్రికలు, మెకంజీ దొర సేకరించిన ఊళ్ల చరిత్రలు, అంటే కైఫీయతులు, అక్కడ చూడవచ్చు.

1798లో కలకత్తాలో పుట్టిన బ్రౌన్, 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడపలో అడుగుపెట్టాడు. అప్పటికి ఆయనకు వచ్చిన తెలుగు కచేరీ తెలుగు, అర్జీలు చదవడానికి సరిపోయేది. అసలు చదువు మొదలైంది 1824లో, మచిలీపట్నంలో ఉండగా. ఫ్రెంచి పాదిరీ దుబాయ్ హిందువుల ఆచారాల మీద రాసిన పుస్తకంలో వేమన ప్రస్తావన కనబడింది. ఎవరీ వేమన అని ప్రతులు తెప్పించుకున్నాడు. వచ్చిన ప్రతుల్లో ఏ రెండూ ఒకలా లేవు.

మామూలు పాఠకుడు ఇక్కడ మంచి ప్రతి ఒకటి చూసుకుని మిగతావి పక్కన పెడతాడు. బ్రౌన్ ఇంకా ప్రతులు కావాలన్నాడు. 1826లో మళ్లీ కడప చేరాక బంగళా కొని, పండితులనూ రాయసగాళ్లనూ జీతాలిచ్చి పెట్టుకున్నాడు. ఊళ్లో దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారు. సొంత డబ్బు చాలక అప్పులు చేశాడు.

అక్కడ జరిగిన పనిని దగ్గరగా చూస్తేనే దాని విలువ తెలుస్తుంది. తాటాకు మీద గంటంతో రాసేవాళ్లు మాటకూ మాటకూ మధ్య ఎడం వదలరు. పద్యం ఎక్కడ మొదలైందో, పాదం ఎక్కడ విరిగిందో పాఠకుడే పట్టుకోవాలి. పకారం వకారంలా, మకారం యకారంలా కనబడుతుంది. ఎత్తి రాసేవాడికి పద్యం నోటికి వచ్చి ఉంటే ఇంకా ప్రమాదం: కళ్లు ఆకు మీద ఉన్నా చెయ్యి తనకు వచ్చిన పాఠాన్నే రాసేస్తుంది. అందుకని బ్రౌన్ ముందు ఒక ప్రతిని కాగితం మీదికి ఎక్కించి, పద్యాలకు అంకెలు వేయించేవాడు. ఆ తర్వాత తక్కిన ప్రతులతో పోల్చి, తేడా వచ్చిన చోటల్లా పాఠాంతరం రాయించేవాడు. పద్యాల మొదటి మాటలతో అకారాది పట్టిక కూడా ఉండేది. ఒకే పద్యం నాలుగు వేషాల్లో నాలుగు చోట్ల దూరితే ఆ పట్టిక పట్టిచ్చేది.

మరి ఏ పాఠం సరైనది? తీర్పు చెప్పేది ఛందస్సు. వేమన పద్యాల్లో ఎక్కువ భాగం ఆటవెలదులు. బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు; సరి పాదాల్లో అయిదూ సూర్యగణాలే. పాదంలో మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ యతి కుదరాలి. ఒక ప్రతిలో సరి పాదంలో నాలుగో గణంగా ‘నీరు’ అనీ, ఇంకో ప్రతిలో అదే చోట ‘జలము’ అనీ ఉందనుకుందాం. అర్థం ఒకటే. గణమూ చెడదు, ‘నీరు’ హగణం, ‘జలము’ నగణం, రెండూ సూర్యగణాలే. కానీ పాదం ‘ని’తో మొదలైతే యతి ‘నీరు’ వైపే మొగ్గుతుంది. ప్రాసయతి అయినా కుదిరితే తప్ప ‘జలము’ నిలవదు. అర్థం చూసి చదివేవాడికి ఈ తేడా కనబడనే కనబడదు, పద్యాన్ని పైకి చదివితే మాత్రం అక్కడ నాలుక తడబడుతుంది. ఛందస్సు రాకుండా తెలుగు పద్యాన్ని పరిష్కరించలేనని బ్రౌన్‌కు తొందరగానే అర్థమైంది. పండితుల దగ్గర కూర్చుని నేర్చుకుని, 1827లో ఛందస్సు మీద ఒక పుస్తకమే అచ్చు వేయించాడు.

అలా తేలిన వేమన పద్యాలు 693. ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో అచ్చయ్యాయి. పదేళ్ల తర్వాత, 1839 ముద్రణలో, 1,164 అయ్యాయి. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే ఆ పాఠకుడి గుణం తెలుస్తుంది. చదివేశానని మూసేసిన పుస్తకాన్ని మళ్లీ తెరిచాడు, కొత్త ప్రతులు దొరికితే పాత లెక్క మార్చుకున్నాడు. ఆ చదువులో మాటలు పోగుపడుతూ వచ్చి 1852 నాటికి తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు తయారైంది. దాన్ని తిరగేస్తే మాటల పక్కన ఫలానా కావ్యంలో ఈ మాట ఇలా వాడారు అని గుర్తులు కనబడతాయి. అంటే ఏ ఏడు ఏం చదివాడో దాని జమాఖర్చు నిఘంటువులో ఉందన్నమాట.

ఇందులో పూజించాల్సింది ఒక్కడినే అనుకుంటే పొరపాటు. ప్రతులు పోల్చిన కళ్లు పండితులవి. మనుచరిత్రకు, వసుచరిత్రకు వ్యాఖ్యానాలు రాసింది జూలూరి అప్పయ్య. కడపలో పనులు చక్కబెట్టిన మిత్రుడు అయోధ్యాపురం కృష్ణారెడ్డి. అయినా జనం నోట నిలిచింది దొర పేరే. పైగా ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, పాదిరీ కొడుకు. వేమనలో ఆయనకు నచ్చినవీ నచ్చనివీ ఆ కళ్లద్దాల లోంచి చూసినవే. అది గుర్తు పెట్టుకునే ఆ అనువాదాలు చదవాలి.

చదువు విషయంలో పొరుగున ఉన్న కర్నూలు దారి వేరు. 1883లో అక్కడ పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు 1908లో స్వరాజ్య పత్రిక రాతలకు జైలుకు వెళ్లారు. తర్వాతి జీవితంలో ఎక్కువ భాగం గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ పెట్టారు. బ్రౌన్ బంగళాలో పదిమంది పండితులకు అందిన చదువు ఊళ్లో అక్షరం రానివాళ్లకూ చేరాలన్నది ఆ ఉద్యమం ఆశ. కరువు సీమలో పుస్తకాల బీరువా పెట్టడం ఎంత కష్టమో, దాని చుట్టూ చదివేవాళ్లను కూర్చోబెట్టడం అంతకన్నా కష్టం.

అవమానం గడి పూరించిన మనిషి కోసం మళ్లీ కడపకే రావాలి. రాచమల్లు రామచంద్రారెడ్డిని తెలుగు సాహిత్యం రారా అంటుంది. 1922లో పైడిపాలెంలో పుట్టారు. 1968లో కడప నుంచి ‘సంవేదన’ త్రైమాసిక పత్రిక మొదలుపెట్టారు. అది ఎక్కువ కాలం నడవలేదు, కానీ తెలుగు విమర్శలో దాని చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది. స్నేహితుడి పుస్తకమని మొహమాటపడటం, పెద్దకవి గనక వదిలేయడం రారాకు చేతకాని పనులు. తన రాజకీయాలకు దగ్గరైన వాళ్లనూ వదల్లేదు. మంచి సిద్ధాంతం చెప్పినంత మాత్రాన కవిత్వం అవదు, పాఠకుడిలో అనుభూతి కలగాలి అన్నది ఆయన పట్టు. ‘సారస్వత వివేచన’ వ్యాసాల్లో ఆ పట్టు అడుగడుగునా కనబడుతుంది. కొన్నిచోట్ల మోతాదు మించిందనిపిస్తుంది కూడా. అయినా పొగడ్తల ముందుమాటలు కుప్పలుగా వస్తున్న కాలంలో ఆ కటువుదనం కావాలనే అనిపిస్తుంది.

రారా మాస్కోలో ప్రగతి ప్రచురణాలయంలో అనువాదకుడిగా కొన్నేళ్లు పనిచేశారు. అనువాదకుడి కంటే నెమ్మదిగా చదివేవాడు ఉండడు, ఒక్క మాట కూడా దాటవేయడానికి వీల్లేదు. ఆ అనుభవంలో పుట్టిన ‘అనువాద సమస్యలు’ పుస్తకానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఏడాదే ఆయన పోయారు. అనువాదంలో వాక్యం ఎక్కడ తెలుగు కాకుండా పోయిందో ఉదాహరణలతో విప్పి చూపించే పుస్తకం అది. పాఠాంతరాలు పట్టుకున్న బ్రౌన్ పండితుల కన్నూ, తెలుగుకాని వాక్యాన్ని పట్టుకునే రారా కన్నూ ఒక జాతివే.

అదే జిల్లాకు చెందిన కేతు విశ్వనాథరెడ్డి కథకుడిగా అందరికీ తెలుసు. ఆయన పరిశోధన మాత్రం కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద. జిల్లా మొత్తాన్ని గ్రంథంలా ముందు పెట్టుకుని, ఏ ఊరి పేరులో చెరువుంది, ఏ పేరులో చెట్టుంది, ఏది మనిషి పేరు మీద వెలిసింది అని విడదీసి చూశారు. చదవడానికి అచ్చు పుస్తకమే అక్కర్లేదని దానివల్ల తెలుస్తుంది.

ఈ పద్ధతి పట్టాలంటే పండితుడు కానక్కర్లేదు. వేమన పద్యాలకు రెండు వేరువేరు ముద్రణలు, ఒక నోటుబుక్కు చాలు. రోజుకు నాలుగైదు పద్యాలు పైకి చదివి, పాఠం తేడా వచ్చిన చోట రెండూ రాసుకుని, యతి ఏ వైపు మొగ్గుతుందో చూసి, నచ్చిన పాఠం ఎందుకు నచ్చిందో ఒక్క ముక్క రాసుకోవాలి. ఏడాది చివరికి పుస్తకాల లెక్క రెండు దగ్గరే ఆగిపోవచ్చు. యాభై చదివిన మిత్రుడు నవ్వితే, ఆ యాభైలో దేనితో పేచీ పడ్డావని అడగవచ్చు.