తెలిసీ తెలియని మనసుకు ఒక కందం

పెద్దాపురం పేరు చెప్పగానే కొందరికి పాండవుల మెట్ట గుర్తొస్తుంది. కొందరికి ఆషాఢంలో జరిగే మరిడమ్మ జాతర, చీరల మీద మనసున్నవాళ్లకు అక్కడి పట్టు మగ్గాలు. నాకు మాత్రం ఒక కందపద్యం గుర్తొస్తుంది. రాసినవాడు ఏనుగు లక్ష్మణకవి. పద్దెనిమిదో శతాబ్దివాడు, పెద్దాపురం సంస్థానాన్ని ఏలిన వత్సవాయ రాజుల నీడన బతికినవాడు. వాళ్ల అసలు ఇంటిపేరు పైడిపాటి. పూర్వీకుల్లో ఒకాయనకు పెద్దాపురం ప్రభువు ఏనుగును బహూకరించాడని, అప్పటినుంచి ఇంటిపేరే ఏనుగు అయిపోయిందని చెబుతారు. రామేశ్వర మాహాత్మ్యం, విశ్వామిత్ర చరిత్ర, రామవిలాసం లాంటి కావ్యాలు రాశాడు. వాటిని ఇవాళ తీసి చదివేవాళ్లు తక్కువ. భర్తృహరి సంస్కృత శతకాలను తెలుగు చేసిన సుభాషిత రత్నావళి మాత్రం బడి పుస్తకాల్లోంచీ, పెద్దవాళ్ల నోళ్లలోంచీ జారిపోలేదు.

ఎందుకు జారిపోలేదన్నదే నాకు ఆసక్తి. నీతులు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. లక్ష్మణకవి చేసిన పని వేరు. మనిషి దేన్ని ఎలా చూస్తున్నాడో, దాన్నిబట్టే వాడి నిర్ణయాలూ స్నేహాలూ ఎదుగుదలా నడుస్తాయన్న సంగతిని భర్తృహరి శ్లోకాల్లోంచి ఏరి, తెలుగు మాట కట్టుబడిలోకి దింపాడు. ఆ దింపడంలో ఉన్న పనితనం దగ్గర కూర్చుని చూడదగ్గది.

ముందు ఆ కందం సంగతి. మూలంలో భర్తృహరి మూడు రకాల మనుషులను వరసలో నిలబెడతాడు. ఏమీ తెలియనివాణ్ని ఒప్పించడం సులువు. బాగా తెలిసినవాణ్ని ఒప్పించడం ఇంకా సులువు. చెంచాడు తెలివితో చెడిపోయినవాణ్ని బ్రహ్మ కూడా మెప్పించలేడు. ఇది ఆర్యా ఛందస్సులో ఉన్న శ్లోకం. దీన్ని తెలుగు చెయ్యడానికి లక్ష్మణకవి కందాన్ని ఎంచుకున్నాడు. ఆర్యకూ కందానికీ చుట్టరికం ఉంది, రెండూ మాత్రల లెక్క మీద నడిచేవే. మూలం ఎంత పొట్టిగా, ఎంత సూటిగా ఉందో అనువాదమూ అంతే ఉండాలన్న పట్టుదల ఆ ఎంపికలోనే కనిపిస్తుంది.

అసలు విశేషం లోపల ఉంది. సంస్కృతంలో జ్ఞానానికి ఒక ధాతువు, మెప్పించడానికి వేరే ధాతువులు వాడారు. లక్ష్మణకవి ఆ రెండు పనులనూ ఒక్క క్రియ కిందికి తెచ్చాడు. తెలియడం, తెలపడం. తెలియనివాడు, తెలిసినవాడు, తెలిసీ తెలియనివాడు, ఈ ముగ్గురికీ తెలపడం. అంత చిన్న పద్యంలో ఈ ఒక్క క్రియ ఏడు రూపాల్లో వస్తుంది. నాలుగు పాదాలూ దాంతోనే మొదలవుతాయి. కందానికి ప్రాస తప్పనిసరి. ప్రాస కోసం కవులు ఎక్కడెక్కడి మాటలో వెతికి తెస్తారు, ఒక్కోసారి అర్థానికి అక్కర్లేని విశేషణాలనూ ఈడ్చుకొస్తారు. ఇక్కడ ప్రాసను తీర్చింది పద్యం దేని గురించో ఆ మాటే. ఛందస్సు అడిగినదీ, విషయం అడిగినదీ ఒకటే కావడం ఏ కవికైనా అరుదుగా దక్కే అదృష్టం. లక్ష్మణకవి దాన్ని అదృష్టానికి వదిలెయ్యకుండా కూర్చి సాధించాడు.

ఇంకో మార్పు చూడండి. భర్తృహరి ఆ మూడోవాణ్ని వర్ణించడానికి ఒక పొడుగాటి సమాసం వాడాడు. జ్ఞానపు రవ్వతో చెడ్డ పండితుడైనవాడు అన్నంత బరువు దానిది. లక్ష్మణకవి చేతిలో అది ‘తెలిసియు తెలియని’ అయిపోయింది. సమాసంలో ఉన్న తిట్టు పోయింది. దాని స్థానంలో ఒక స్థితి వచ్చింది. తిట్టు అయితే ఎదుటివాడి మీదికి తోసెయ్యొచ్చు. స్థితి అంటే అది మనదీ కావచ్చు. చివర్లో ‘వశమే’ అని ప్రశ్న వేశాడు. మూలంలో అది తీర్పు. ఇక్కడ అడుగుతున్నాడు, జవాబు మన నోట చెప్పిస్తున్నాడు.

1999లో అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన ప్రచురించారు. తర్కంలోనూ వ్యాకరణంలోనూ వెనకబడ్డ విద్యార్థులు తాము సగటు కంటే పైనే ఉన్నామని అనుకున్నారని, తమ లోటును గుర్తించడానికి కావలసిన నేర్పు కూడా వాళ్లకు ఆ లోటువల్లే లేకపోయిందని అందులో తేలింది. ఆ పరిశోధన ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. పెద్దాపురం కవి కందం ఆ ఊహకు బాగా దగ్గరగా వస్తుంది. పైగా ఇంకొకటి కలుపుతుంది. ఏమీ తెలియనివాడు వింటాడు, ఎందుకంటే తనకు తెలియదని వాడికి తెలుసు. బాగా తెలిసినవాడూ వింటాడు, ఎందుకంటే తెలియాల్సింది ఇంకా ఉందని వాడికి తెలుసు. వినని వాడికి లోపించింది చదువు కన్నా ముందు తన మీద తనకుండాల్సిన సరైన చూపు. బడిలో పాఠం చెప్పేవాళ్లకూ, ఆఫీసులో పదిమందిని నడిపేవాళ్లకూ, ఇంట్లో ఎదిగిన పిల్లలతో మాట్లాడేవాళ్లకూ ఇది రోజూ ఎదురయ్యే సంగతే.

ఇదే సంగతిని భర్తృహరి ఇంకో శ్లోకంలో తన మీదే పెట్టుకుని చెప్పాడు. కొంచెం తెలిసినప్పుడు మదించిన ఏనుగులా అన్నీ తెలుసనుకుని తిరిగాను, పండితుల దగ్గర కొద్దికొద్దిగా నేర్చుకున్నాక నేను మూర్ఖుణ్నని తెలిసి ఆ మదం జ్వరంలా దిగిపోయింది అంటాడు. ఏనుగు ఇంటిపేరున్న కవి ఈ శ్లోకాన్ని తెలుగు చేస్తూ ఆ ఏనుగును వదల్లేదు, చంపకమాలలోకి పట్టుకొచ్చి మొదటి పాదంలోనే నిలబెట్టాడు. మూలంలో ఎప్పుడు, అప్పుడు అని రెండుసార్లు వచ్చే జంటను తీసేసి, తొల్లి ఒకటి, ఇప్పుడు ఒకటి పెట్టాడు. పద్యం సరిగ్గా సగానికి వచ్చేసరికి, రెండో పాదం కొసన, తొల్లి పోయి ఇప్పుడు వస్తుంది. మనిషి మారిన క్షణం పద్యం నడుముకు కుదిరింది. అయితే జ్వరం పోలిక ఇక్కడ జారిపోయింది. గర్వం జ్వరం లాంటిదనడంలో ఒక దయ ఉంది. అది ఒంటికి పట్టిన జబ్బు, మందు పడితే తగ్గుతుంది. ఆ దయ తెలుగులోకి రాకపోవడం నాకు ఎప్పుడు చదివినా వెలితిగానే ఉంటుంది.

లక్ష్మణకవికి ముందు ఈ శతకాలను ఎలకూచి బాలసరస్వతి తెలుగు చేశాడు. గొప్ప పండితుడు, పాలమూరు సీమ జటప్రోలు ప్రభువు సురభి మల్లభూపాలుడి ఆశ్రయంలో ఉన్నవాడు. ఆయన ప్రతి పద్యం చివరా రాజును పిలిచే మకుటం పెట్టుకున్నాడు. నీతి శతకంలో ఆ మకుటానికే పదకొండు అక్షరాలు పోతాయి. శార్దూలమైతే చివరి పాదంలో ఇక మిగిలేవి ఎనిమిది, మత్తేభమైతే తొమ్మిది. సంస్కృత శ్లోకాల్లో అసలు మాట సాధారణంగా చివరి పాదంలోనే ఉంటుంది. అక్కడే చోటు కరువైంది. పైగా ఆ మకుటం కుదిరేది ఆ రెండు వృత్తాలకే. లక్ష్మణకవి మకుటం జోలికి పోలేదు. తనను పోషించిన సంస్థానం ఉండగా పద్యం కొసను ఏ ప్రభువు పేరుకూ ఇవ్వకుండా భావానికి ఇచ్చాడు. అందుకే ఆయనకు కందం, తేటగీతి, ఉత్పలమాల, చంపకమాల, శార్దూలం అన్నీ అందుబాటులోకి వచ్చాయి. ఏ శ్లోకానికి ఏ నడక కావాలో ఆ నడక ఇవ్వగలిగాడు. ఈ ఒక్క నిర్ణయమే ఆయన పుస్తకాన్ని జనం నోట నిలబెట్టిందని నా నమ్మకం.

ఆ శార్దూలాల్లో ఒకటి దాదాపు ప్రతి తెలుగు బడిపిల్లవాడూ వల్లెవేసినదే. ఆటంకాలకు భయపడి నీచులు పని మొదలే పెట్టరు, మధ్యములు మొదలుపెట్టి వదిలేస్తారు, ధీరులు ఎన్ని దెబ్బలు తగిలినా వదలరు. మూలం వసంతతిలకం, పాదానికి పద్నాలుగు అక్షరాలు. శార్దూలంలో పంతొమ్మిది. అంటే పద్యం మొత్తానికి ఇరవై అక్షరాల చోటు ఎక్కువ దొరికింది. ఆ చోటును కవి ఏం చేశాడో చూస్తే ముచ్చటేస్తుంది.

సంస్కృతంలో మధ్యములూ విఘ్నాల చేత కొట్టబడ్డవాళ్లే, ఉత్తములూ కొట్టబడ్డవాళ్లే. రెండుచోట్లా ఒకే ధాతువు. ఉత్తములకు దెబ్బలు మళ్లీ మళ్లీ పడతాయి, అంతే తేడా. లక్ష్మణకవి మధ్యములకు ఆ మాట తీసేసి వాళ్లను విఘ్నానికి ‘ఆయత్తులు’ అన్నాడు, అంటే లోబడిపోయినవాళ్లు. దెబ్బ తినడం ధీరులకే మిగిల్చాడు. ఇప్పుడు మూడు పాదాల్లో విఘ్నం మూడు చోట్ల ఉంది. మొదటివాడికి అది ఇంకా రానే లేదు, వాడి ఊహలో ఉంది. రెండోవాడికి అది యజమాని. మూడోవాడికి అది బయటినుంచి తగిలే దెబ్బ మాత్రమే. ఆటంకం అదే, చూసే తీరు మారింది, దాన్నిబట్టి పని మారింది. నాలుగో పాదంలో విఘ్నం అన్న మాటే ఉండదు. ఇది మూలంలోనూ ఉన్న అందం. అన్ని అక్షరాలు ఎక్కువ ఉన్నా ఎక్కడా దాన్ని చెడగొట్టకుండా కాపాడాడు.

పద్యం మొదటి మాట ‘ఆరంభింపరు’. చివరి పాదంలో క్రియ ‘ఉజ్జగింపరు’. ఒకటి మొదలుపెట్టనివాళ్లు, ఒకటి వదలనివాళ్లు. తెలుగులో లేదు, కాదు అన్నది క్రియలోనే కలిసిపోతుంది కాబట్టి ఈ రెండూ ఒకే అచ్చులో పోసినట్టు వినిపిస్తాయి. అధముడికీ ధీరుడికీ ఒకే వ్యాకరణం ఇచ్చి, అర్థంలో భూమ్యాకాశాల దూరం పెట్టాడు. చిట్టచివర తనదైన కారణం ఒకటి చేర్చాడు. వాళ్లెందుకు వదలరు? ‘ప్రజ్ఞానిధుల్ గావునన్’. భర్తృహరి వాళ్లను ఉత్తమ గుణం ఉన్నవాళ్లు అని ఊరుకున్నాడు. పెద్దాపురం కవి అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు, తెలివి అంటున్నాడు. వదలకపోవడం మొండితనం కాదని, స్పష్టంగా చూడగలగడమని ఆ ఒక్క ‘కావున’ చెబుతుంది.

ఈ పద్యం పుట్టిన సీమలోనే దానికి పెద్ద సాక్ష్యం ఉంది. 1833 నాటి కరువు తర్వాత కూడా గోదావరి అంటే వరదలో ముంచేది, ఎండల్లో సముద్రం పాలయ్యేది అన్న చూపే నడిచింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ అదే నదిలో డెల్టాకంతా సరిపడే సాగునీటిని చూశాడు. 1847లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట మొదలైంది. మధ్యలో ఆరోగ్యం చెడి ఆయన సెలవు మీద వెళ్లాల్సి వచ్చినా పని ఆగలేదు, 1852కి పూర్తయింది.

నాయకత్వం గురించి లక్ష్మణకవి చూపు తెలియాలంటే నీటిబొట్టు పద్యం చదవాలి. కాలిన ఇనుము మీద పడ్డ నీరు పేరు లేకుండా పోతుంది, తామరాకు మీద ముత్యంలా మెరుస్తుంది, ముత్యపు చిప్పలో పడితే నిజంగా ముత్యమే అవుతుంది. ఉత్పలమాలలో ‘నీరము’ అన్న మాట మూడు పాదాలకూ మొదట్లో నిలుస్తుంది. ‘ఆ’ అన్న అక్షరం పాదం కొసన వేలాడి, కింది పాదంలో నీరమును అందుకుంటుంది, ఇలా రెండుసార్లు. నీరు ఒక చోటి నుంచి ఇంకో చోటికి జారడం చెవికి వినబడుతుంది. మూలంలో నీతి ఏమిటంటే సహవాసాన్నిబట్టి గుణం వస్తుందని. లక్ష్మణకవి దాన్ని ఎవరిని కొలిస్తే అలా అవుతారని మార్చాడు. స్నేహం స్థానంలో కొలువు వచ్చింది. సంస్థానం నీడన బతికిన కవికి లోకం కనిపించే కిటికీ అది. మంచి ప్రభువు దగ్గర ఎలా ఉంటుందో, కాలిన ఇనుము లాంటి ప్రభువు దగ్గర ఎలా ఉంటుందో తెలిసిన వంశం ఆయనది. కింద పనిచేసేవాళ్లు వెలిగారా ఆవిరయ్యారా అన్నది పైవాడి స్వభావానికి కొలత అని ఈ మార్పు వల్ల పద్యం ఇంకో వైపు కూడా మాట్లాడుతుంది. మూలంలోని స్వాతి కార్తె వాన పోయింది, పోనివ్వండి.

ఇసుకలోంచి నూనె తియ్యొచ్చు, మూర్ఖుడి మనసు మాత్రం రంజింపజెయ్యలేం అన్న తేటగీతి గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ వచ్చు. ఒక్కటి మాత్రం గమనించండి. మూడు పాదాలు ‘వచ్చు’తో ముగిసి, నాలుగోది ‘రాదు’తో ముగుస్తుంది. ఒకే క్రియకు అవునూ కాదూ. మూలంలో అరవై ఎనిమిది అక్షరాలు, ఇక్కడ యాభై పైచిలుకు. ఆ పొదుపులో ఒక మాట పోయింది. భర్తృహరి అన్నది పట్టిన పట్టు విడవని మూర్ఖుణ్ని. తెలుగులో ఆ పట్టు పోయి, వట్టి మూర్ఖుడు మిగిలాడు. పట్టు విడిస్తే మారే అవకాశం ఉన్న మనిషిని, తెలుగు పద్యం కొంచెం తొందరగా కొట్టేసింది. పద్యం ఎంత నచ్చినా ఈ మాట చెప్పకుండా ఉండలేను.

పిల్లలకు ఈ పద్యాలు నేర్పే టీచర్లకు నాదొక మనవి. ప్రతిపదార్థం, తాత్పర్యం రాయించి వదిలెయ్యకండి. విఘ్నం ఏ పాదంలో మాయమైందో వెతకమనండి. కందంలో తెలియడం ఎన్ని రూపాల్లో వచ్చిందో లెక్కపెట్టమనండి. సంస్కృత శ్లోకాన్ని పక్కన పెట్టి, కవి ఏం వదిలాడో ఏం చేర్చాడో అడగండి. ముఖ్యంగా పెద్దాపురం, సామర్లకోట, పిఠాపురం బడుల్లో, ఈ పనితనం మీ మట్టిలోనే పుట్టిందని చెప్పి మరీ అడగండి.