980 రాకపోతే

ఫిబ్రవరి వచ్చిందంటే ఇంటర్ సెకండియర్ పిల్లల చేతుల్లో అట్టలు వేసిన రికార్డులు కనిపిస్తాయి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌కి 30 మార్కులని చదువుకున్న తరాలన్నింటికీ గుర్తే. కానీ ఒకప్పటి ఎంసెట్ ప్రశ్నపత్రంలోనూ, ఇప్పటి ఈఏపీసెట్ ప్రశ్నపత్రంలోనూ ల్యాబులో గడిపిన గంటకు ఒక్క మార్కూ రాదు. అందుకే చాలా కాలేజీల్లో ల్యాబు తాళం ప్రాక్టికల్స్‌కి కొద్దిరోజుల ముందే తీస్తారు. ఆ కొద్దిరోజుల్లోనూ పిల్లలకు ముందుగా పట్టుబడే విద్య ఒకటుంది. సీనియర్ రికార్డు పక్కన పెట్టుకుని, జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ రావడం. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం, అంటే జీ విలువ, సెంటీమీటర్ల లెక్కలో 980 రావాలి. అంటే ఎల్ బై టీ స్క్వేర్ 24.8 ఉండాలి. మరైతే ఇరవై డోలనాలకు టైము ఎంత వేద్దాం? పట్టిక కింది నుంచి పైకి నిండుతుంది.

ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతున్నవాణ్ణి. ఆ పట్టికలో పిల్లలు ఏం పోగొట్టుకుంటున్నారో తెలుసు కాబట్టే ఇది రాస్తున్నాను.

లఘులోలకం వాళ్లకు కొత్తదేమీ కాదు. దాని చలనం సరళ హరాత్మకమని నిరూపించి, ఆవర్తన కాలానికి సమీకరణం రాబట్టమనే ఎనిమిది మార్కుల ప్రశ్న ఫస్టియర్‌లో కంఠతా పట్టిందే. నిద్రలో లేపి అడిగినా సెకండ్ల లోలకం నిర్వచనం చెప్పేస్తారు. అంత బాగా తెలిసిన లోలకాన్ని మొదటిసారి చేత్తో ఊపేది మాత్రం ఏడాది తర్వాత. చీల్చిన కార్కు మధ్య దారం బిగించి, స్టాండుకు తగిలించి, ఇనుప గుండును కాస్త పక్కకు లాగి వదిలితే చాలు అన్నట్టు ఉంటుంది. వదిలాకే అసలు సంగతులు బయటపడతాయి. గుండు నేరుగా ఊగకుండా గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. దారం కార్కులో సన్నగా జారుతుంది. ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో తేలక స్టాప్‌వాచ్ మీద బొటనవేలు తడబడుతుంది.

ఒకసారి ఒకమ్మాయి కాగితం పట్టుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. "సార్, 1084 వచ్చింది. కొట్టేసి మళ్లీ వేసుకోనా?" అంది.

"కొట్టెయ్యకమ్మా. ఎలా లెక్కపెట్టావో ఒక్కసారి నా ముందు చెయ్యి" అన్నాను.

గుండు వదులుతూనే "ఒకటి" అంది, అదే క్షణంలో వాచ్ నొక్కింది. అక్కడుంది కిటుకు. వదిలినప్పుడు ఇంకా ఒక్క డోలనమూ కాలేదు, అది సున్నా. ఆమె ఇరవై అనుకున్నవి నిజానికి పంతొమ్మిది. మీటరు పొడవున్న లోలకానికి ఇరవై డోలనాలు సుమారు 40 సెకండ్లు పట్టాలి, ఆమెకు 38 పట్టాయి. టైమును వర్గం చేస్తాం కాబట్టి అక్కడి ఐదు శాతం జీ దగ్గరకొచ్చేసరికి పదికి పైగా పెరిగింది. మన ప్రాంతంలో జీ అసలు విలువ 978ని ఇరవై బై పంతొమ్మిది వర్గంతో హెచ్చిస్తే దాదాపు 1084. ఆమె కొలత చక్కగా ఉంది, చెయ్యి నిలకడగా ఉంది, మొదలుపెట్టిన అంకె ఒక్కటే తేడా. ఆ కాగితం కొట్టేసి 980 వేసుకుని ఉంటే ఈ సంగతి ఆ పిల్లకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇంకో రకం చూడండి. కొందరికి 968 దగ్గర ఆగుతుంది. వాళ్లు దారం పొడవు కొలిచి, గుండు వ్యాసార్ధం కలపడం మరిచిపోయి ఉంటారు. రెండు సెంటీమీటర్ల గుండయితే మీటరులో ఒక సెంటీమీటరు పోయినట్టే, జీలో ఒక శాతం తగ్గినట్టే. ఇక్కడే గ్రాఫు గొప్పతనం తెలుస్తుంది. దారం పొడవు మార్చి మార్చి తీసిన రీడింగులతో, పొడవును టీ స్క్వేర్‌కు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. వ్యాసార్ధం కలపని పిల్లవాడి రేఖ మూలబిందువు గుండా పోదు. పొడవు అక్షాన్ని ఒక సెంటీమీటరు కిందుగా ఖండిస్తుంది. కానీ వాలు మాత్రం చెక్కుచెదరదు, దాన్నుంచి లెక్కకడితే జీ సరిగ్గానే వస్తుంది. మరిచిపోయిన కొలత ఎంతో కూడా ఆ గీతే చెబుతుంది. జవాబు ముందే వేసుకున్న రికార్డులో ఈ గీత మూలబిందువు నుంచి నున్నగా పోతుంది, ఏమీ చెప్పదు.

అసలు ఆ గదిలో ఉన్న సామానుతో 980 అని తేల్చి చెప్పగలమా? స్టాప్‌వాచ్ నొక్కడంలో, ఆపడంలో మనిషి చేతికి ఐదోవంతు సెకండు తేడా వస్తుందనుకుందాం. 40 సెకండ్లలో అది అర శాతం. వర్గం చేస్తే ఒక శాతం. అంటే జీ దగ్గర పది అటూ ఇటూ. మీటరు స్కేలులో ఒక మిల్లీమీటరు తేడా వస్తే జీ మారేది ఒకటే. కాబట్టి నిజాయితీగా చేసిన పిల్లల జవాబులు 968 నుంచి 988 దాకా చెదిరి ఉండాలి. సెక్షన్ మొత్తానికి 979, 980, 981 తప్ప ఇంకోటి లేదంటే ఆ రోజు లోలకాలు అసలు ఊగలేదనే అర్థం.

ఇక్కడ 1672 నాటి సంగతి చెప్పాలి. ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ రిషేను పారిస్ అకాడమీ దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖకు దగ్గరున్న కయెన్‌కు పంపింది. ఆయన వెళ్లింది గ్రహాలు చూడటానికి. పారిస్‌లో సరిచేసి తెచ్చుకున్న లోలక గడియారం అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. సెకండ్ల లోలకాన్ని దాదాపు మూడు మిల్లీమీటర్లు పొట్టి చేస్తే గానీ దారికి రాలేదు. పారిస్ పొడవు ఇంత కాబట్టి ఇక్కడా ఇంతేనని రాసేయవచ్చు, అడిగేవాళ్లెవరూ లేరు. ఆయన వచ్చింది వచ్చినట్టే రాశాడు. భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుని, నడుము దగ్గర ఉబ్బి ఉందని 1687లో న్యూటన్ ప్రిన్సిపియాలో వాదించినప్పుడు ఆ కొలతలు అక్కరకొచ్చాయి.

ఆ మాటకొస్తే 980 మన ఊరి సంఖ్య కూడా కాదు. 980.665 అనే ప్రామాణిక విలువను 1901లో తూనికలు కొలతల అంతర్జాతీయ సమావేశం ఖాయం చేసింది. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర, సముద్ర మట్టంలో ఉండే విలువకు అది దాదాపు సరిపోతుంది. భూమధ్యరేఖ మీద 978, ధ్రువాల దగ్గర 983. మన హైదరాబాద్‌లో 978.3 దాకా, విశాఖ తీరంలో అంతకంటే రవ్వంత ఎక్కువ. ఇంత చిన్న తేడాలనే ఇంకా సున్నితంగా కొలుస్తూ హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రజ్ఞులు నేల కింది రాళ్ల సాంద్రతను అంచనా కడుతుంటారు. ఆ సంస్థ 1961 నుంచీ ఉంది. అది ఉన్న హబ్సిగూడ మీదుగా రోజూ కాలేజీకి వెళ్లే పిల్లలు ఎందరో. తాము చెరిపేసిన దశాంశాల మీదే ఆ గోడ వెనక పని నడుస్తోందని వాళ్లకు చెప్పిన పాపాన పోలేదు ఎవరూ.

ఎక్స్‌టర్నల్‌గా వెళ్లే తోటి లెక్చరర్లకు నా విన్నపం ఒక్కటే. రికార్డులో 980 ఉందా అని చూడటం మానండి. 968 వేసిన పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, ఎందుకు తగ్గిందో చెప్పమనండి. అబ్జర్వేషన్ కాగితం మీద కొట్టివేతలుంటే అవి ఎలా వచ్చాయో అడిగి తెలుసుకోండి. వైవాలో సెకండ్ల లోలకం నిర్వచనం అప్పజెప్పించుకునే బదులు, నీ జవాబులో పది అటూ ఇటూ ఉంది కదా, దాన్ని ఐదుకు తగ్గించమంటే ఏం చేస్తావని అడగండి. వాచ్ మార్చమని కొందరంటారు. దారం పెంచమని కొందరంటారు, అదీ కొంత నిజమే. కాసేపు ఆలోచించి, "ఇరవై బదులు నలభై లెక్కపెడతాను సార్, చేతి తేడా అంతే ఉంటుంది గానీ టైము రెట్టింపవుతుంది కదా" అన్న పిల్లకు వైవా మార్కులు పూర్తిగా వేసెయ్యండి.