దిద్దుబాటు ఎవరికి?

గురజాడ అప్పారావు 1910లో ప్రకటించిన ‘దిద్దుబాటు’ను తరగతి గదుల్లో చెప్పే పద్ధతి నాకు సమ్మతం కాదు. చదవటం పూర్తయీ కాకముందే “ఈ కథలోని నీతి ఏమిటి?” అన్న ప్రశ్న వచ్చి పడుతుంది. భర్త వ్యసనాన్ని భార్య ఉపాయంతో మాన్పించిందన్న జవాబు నోటుబుక్కులోకి ఎక్కుతుంది. గంట కొడతారు. పధ్నాలుగేళ్ల పిల్లల్లో అప్పుడే లేచిన సందేహం అక్కడే అణగిపోతుంది.

ఇంతకూ కథలో వున్నదేమిటి? సానిపాట విని అర్ధరాత్రి యింటికి వచ్చిన గోపాలరావుకు భార్య కమలిని కనిపించదు. మీటింగులకు పోతున్నానని యిన్నాళ్లూ ఆమెతో చెప్పిన సంస్కారి అతను. తాను యింట్లో వుండబట్టే భర్తకు అబద్ధమాడవలసి వస్తున్నదనీ, అందుకే పుట్టింటికి పోతున్నాననీ ఆమె ఉత్తరం రాసిపెట్టింది. చివరకు మంచం కిందనుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. కథ అక్కడితో సరి. మరునాటి రాత్రి గోపాలరావు ఎక్కడున్నాడో రచయిత చెప్పడు.

అందుచేత, “అతను నిజంగా మారాడా?” అన్న ప్రశ్నకు తయారు జవాబు లేదు. తొమ్మిదో తరగతి పిల్లలను నేనడిగింది అదే. మారాడని కొందరూ, భయపడ్డాడని కొందరూ వాదించారు. భయానికీ మార్పుకీ తేడా ఏమిటని ఒక అమ్మాయి నిలదీసింది. చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్న ఒక కుర్రవాడు, “మరి రాముడి సంగతి?” అన్నాడు.

ఆ ప్రశ్న కథ గుండెకాయను తాకింది. భార్య కనబడని కోపాన్ని గోపాలరావు ఏ పాపమూ ఎరగని నౌకరు రాముడి వీపుమీద తీర్చుకుంటాడు. వెంటనే పశ్చాత్తాపపడతాడు, నిజమే. కాని యజమానికి కోపమొస్తే నౌకరు దెబ్బలు తినే ఏర్పాటు మాత్రం చెక్కుచెదరదు. పైగా ఆ రాముడికే స్త్రీవిద్యను గురించి ఉపన్యాసమిస్తాడు. ఒకడు చెప్పాలి, ఒకడు వినాలి. మన తరగతి గది అచ్చం యిదే కాదా? నీతి వల్లె వేయించే ఉపాధ్యాయుడు తెలియకుండానే గోపాలరావు వేషం కడుతున్నాడు.

చర్చ పెడితే సిలబస్ సాగదనీ, పిల్లలు తోచిందల్లా మాట్లాడతారనీ ఆక్షేపణ వుంది. చర్చ అంటే గోల అనుకునేవారి మాట యిది. ఏ అభిప్రాయానికైనా కథలోని వాక్యాన్ని సాక్ష్యం చూపాలన్న నియమం పెడితే తోచిందల్లా మాట్లాడటం దానంతటదే తగ్గుతుంది. ప్రశ్న వేశాక ఉపాధ్యాయుడు కాసేపు ఓర్చుకోవాలి. ముందు రెండు ముక్కలు రాసుకోనిస్తే బిడియస్తులు కూడా నోరు విప్పుతారు. తన అభిప్రాయాన్ని ఆయన చివరిదాకా దాచుకోవాలి. మీ యింట్లో యిలా జరుగుతుందా అని ఎవరినీ అడగకూడదు. పాచిపనికి పోయే తల్లి బిడ్డ కూడా ఆ బెంచీమీదే కూర్చుని వుంటుంది. ఆ పిల్ల మాట్లాడాలి, ప్రదర్శనకు నిలబడకూడదు.

బట్టీ చదువు పోవాలని 2005 జాతీయ పాఠ్యప్రణాళిక స్పష్టంగానే చెప్పింది. కాగితంమీది మాట తరగతిలోకి రావాలంటే పిల్లల ప్రశ్నకు ఉపాధ్యాయుడు జంకకూడదు. వందేళ్లు దాటినా రాముడికి జవాబు బాకీ పడే వుంది. ఆ బాకీని గుర్తుపట్టిన కుర్రవాడికి మార్కులు లేవనే ప్రశ్నపత్రాన్ని ముందు దిద్దాలి.