పట్టము పొందినవాడు ఏ భాషలో బోధించును?



మన పల్లె సంఘములో పెరిగిన యౌవనుడొకడు హైదరాబాదులోని కొత్తగూడలో నివసించుచు కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నాడు. 1998లో దగ్గరనున్న సైబర్ టవర్సు తెరవబడినది మొదలు ఆ వైపునకు మన బిడ్డలు ఎందరో పోయిరి. మొన్న నేను పట్టణమునకు పోయినప్పుడు అతడు నన్ను తన గదికి తీసికొనిపోయి, "అయ్యగారూ, బైబిలు చదువులో పట్టము పొందవలెనని నాకు ఆశ. చదువుమందురా, వద్దందురా?" అని అడిగెను. అతనితో చెప్పిన మాటలే మీతోను చెప్పుచున్నాను. ఏలయనగా ఇట్టి బిడ్డలను పంపువారు మీరే, తరువాత వారి బోధ వినవలసినవారును మీరే.

మార్గములు లేకపోలేదు. ఉద్యోగము విడువలేనివారు ఇంటనుండియే చదువుకొనుటకు సేరంపూరు సెనేటువారి బి.సి.ఎస్. పట్టము కలదు. సేవకే తమ్మును అప్పగించుకొనువారికి బి.డి. కలదు. ఆ బి.డి. చెప్పు ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల మన తెలుగు సంఘములదే. అది 1964లో రాజమండ్రిలో ఆరంభమై, 1970ల ఆరంభమున హైదరాబాదుకు వచ్చినది. లూథరనుల బిడ్డలు, బాప్తిస్టుల బిడ్డలు, దక్షిణ ఇండియా సంఘపు బిడ్డలు అక్కడ ఒకే బల్లమీద కూర్చుండి చదువుదురు. పల్లెలో ఒకరి గుడి గడప ఒకరు తొక్కని మనకు ఇది చిన్న మేలు కాదు.

చదువువలన వచ్చు వెలుగునకు ఒక్క దృష్టాంతము చాలును. యోహాను సువార్త మూడవ అధ్యాయములో ప్రభువు నీకొదేముతో గాలినిగూర్చియు ఆత్మనుగూర్చియు మాటలాడెను. మన తెలుగులో అవి రెండు మాటలు. గ్రీకులో రెంటికిని ఒకే మాట. హెబ్రీలోను అంతే, గాలి, ఊపిరి, ఆత్మ అన్నిటికిని ఒక్కటే. ఇది తెలిసినవానికి ఆ రాత్రి సంభాషణ క్రొత్తగా వినబడును. కావున చదువు విశ్వాసమును చంపునని చెప్పువారితో నేను ఏకీభవింపను.

అయితే నా తప్పు నేను ఒప్పుకొనవలెను. నేను చదువు ముగించి వచ్చిన క్రొత్తలో ఈ భాగముమీదనే ప్రసంగించితిని. ఆ గ్రీకు మాటను మూడుమారులు పలికితిని. ఇంగ్లీషు పండితుల పేర్లు నాలుగు చెప్పితిని. ఆరాధన అయిన తరువాత ఒక ముసలమ్మ నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, మీరు మస్తు చదివిండ్రు గని, నాకు ఒక్క ముక్క సమజుగాలే" అనెను. ఆమె ఏటేట కల్లములో చేట పైకెత్తి, గాలి కొరకు కనిపెట్టి, ధాన్యము తూర్పారబట్టు స్త్రీ. గాలి మన చేతిలో లేదనియు, అది వచ్చినప్పుడే పొట్టు ఎగిరిపోవుననియు నాకంటె ఆమెకే బాగుగా తెలియును. నేను గ్రీకు నేర్చితిని గాని ఆమె కల్లమునొద్దకు పోలేదు.

ఇదియే ఆ చదువుపై నా విమర్శ. బి.డి. పాఠములు ఇంగ్లీషులో, పరీక్షలు ఇంగ్లీషులో. విద్యార్థి ఏండ్లతరబడి దేవునిగూర్చి ఇంగ్లీషులో ఆలోచించి, ఒక్కనాడు తెలుగు పీఠముమీద నిలువబడును. అప్పుడతని నోట తర్జుమా వచ్చును గాని బోధ రాదు.

సేరంపూరు తొలినాటి చరిత్ర మరియొక త్రోవ చూపుచున్నది. విశాఖపట్టణములో డెగ్రాంజెసు దొర ఆనందరాయరు సహాయముతో తెనిగించిన సువార్తలు 1812లో అచ్చు వేయబడినది ఆ సేరంపూరులోనే. ఆనందరాయరు తెలుగు తెలిసినవాడు గనుకనే దొర కలము నడచినది. 1818లో కేరీ, మార్ష్‌మన్, వార్డు అక్కడ కళాశాల స్థాపించినప్పుడు, ఐరోపా శాస్త్రములతోపాటు ఈ దేశపు సాహిత్యమును నేర్పుదుమని ప్రకటించిరి. 1827లో డెన్మార్కు రాజు దానికి పట్టములిచ్చు అధికారమునిచ్చెను. ఆ పట్టము కోరువారు ఆ మొదటి ఉద్దేశమును మరువ తగునా?

తప్పు కళాశాలదే అనకుడి. మనమేమి చేయుచున్నాము? పట్టము వచ్చినదా, ఏ పాస్టరేటు దొరకును, ఏ సంబంధము కుదురును అని అడుగుదుము. ఏమి నేర్చుకొంటివి, మాకు చెప్పుమని అడుగము. విద్యార్థి సెలవులకు వచ్చినప్పుడు దండవేసి, ఫొటో తీయించి, పంపివేయుదుము. అట్లుకాక, ఒక వారము చెట్టుక్రింద కూర్చుండబెట్టి, ఒక్క చిన్న పత్రికను, ఫిలేమోనుకు వ్రాసినదైనను, ముసలివారికిని పిల్లలకును తెలుగులో చెప్పించుడి. తెలియనిచోట ఆపి అడుగుడి. ఏ పరీక్షయు ఇంత కఠినముగా ఉండదు. ఏ పరీక్షయు ఇంత మేలు చేయదు.

కొత్తగూడ యౌవనునితో, "చదువుము నాయనా. అయితే ప్రతి పాఠము ముగిసిన రాత్రి మీ అమ్మకు ఫోను చేసి, దానిని ఆమె మాటలలో చెప్పుము. ఆమెకు తెలిసినదాకా నీకు తెలియలేదని యెంచుకొనుము" అంటిని. అతడు నవ్వి, "అది బి.డి. కంటె కష్టమయ్యగారూ" అనెను.

కష్టమే. నాకు ఇరువదియైదేండ్లు పట్టినది. ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఆమెకు ఆ ప్రసంగము నేను ఇంకను బాకీ యున్నాను.