ఆఖరి తమ్ముడి పాట

ఉమ్మడి కుటుంబంలో ఆఖరి తమ్ముడికి ఒక చిక్కు ఉంటుంది. వాడెంత పెద్దవాడైనా ఇంట్లోవాళ్ళ కళ్ళకి చిన్నవాడే. మీసాలొచ్చినా, ఉద్యోగం వచ్చినా, వాడు నోరు తెరిస్తే "నీకేం తెలుసురా, ఊరుకో" అనేవాళ్ళు ఇద్దరు ఉండనే ఉంటారు. అలా అనేవాళ్ళు చెడ్డవాళ్ళని కాదు. వాడి మాట వినకపోవడం వాళ్ళకి అలవాటైపోయింది, అంతే. అలవాటును మాన్పించడం ఎవరి తరం చెప్పండి?

ఒకప్పుడు ప్రపంచాన్నంతా ఊపేసిన బీటిల్స్ బృందంలోనూ ఇలాంటి ఆఖరి తమ్ముడు ఒకడున్నాడు. పేరు జార్జ్ హారిసన్. గిటారు వాయించేవాడు. 1943లో ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో, ఒక బస్సు కండక్టరు ఇంట నాలుగో సంతానంగా పుట్టాడు. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల జట్టులో చేరేనాటికి కుర్రాడికి పదిహేనేళ్ళు. తర్వాత డ్రమ్స్ వాయించే రింగో స్టార్ వచ్చి చేరాడు. అలా కుదిరిన నలుగురిలోనూ హారిసనే చిన్నవాడు. ఇంట్లోనూ ఆఖరే, బృందంలోనూ ఆఖరే!

పాటలు రాసి బాణీలు కట్టే పని పెద్దవాళ్ళిద్దరిదీ. లెనన్, మెకార్ట్నీ అని ఇద్దరి పేర్లూ కలిపే వేసుకునేవారు. హారిసన్ రాసిన పాట మొదటిసారి ఎల్.పి.లో చోటు చేసుకున్నది 1963లో. 1964లో వచ్చిన రెండు ఎల్.పి.ల్లోనూ అతని పాట ఒక్కటి లేదు. ఆ పైన ఒకటో, రెండో. 1966 నాటి 'రివాల్వర్'లో మూడు దక్కాయి. 1968లో వచ్చిన జంట ఎల్.పి.లో 30 అంశాలుంటే అతనివి నాలుగు. మొత్తం కూడితే, బీటిల్స్ పేరిట వచ్చినవాటిలో హారిసన్ ఒక్కడే రాసినవి 22. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇతనికి అడిగినా కొసరి వడ్డించినవాళ్ళు లేరు.

ఇంతకీ ఇప్పుడీ లెక్కలన్నీ ఎందుకంటారా? ఈ మనిషి అలిగి ఇల్లు విడిచిపోలేదు, నోరు మూసుకుని మూల కూర్చోనూ లేదు. బృందంలో ఉంటూనే తనకంటూ మరో సంగీతజీవితం పక్కనే కట్టుకున్నాడు. ఆ రెండో జీవితంలో అతను చేసినవన్నీ మంచివేనా? కావు. ఏవి మంచివో, ఏవి కావో, ఎందుకు కావో చూడాలన్నదే నా ఉద్దేశం. ఎందుకంటే ఇది ఒక్క గిటారువాడి గొడవగా నాకు కనబడదు.

మొదటి మెట్టు మన దేశంలోనే ఎక్కాడు. 1966లో బొంబాయి వచ్చి పండిట్ రవిశంకర్ దగ్గర సితారు నేర్చుకున్నాడు. మళ్ళీ 1968 జనవరిలో 'వండర్‌వాల్' అనే ఇంగ్లీషు సినిమాకి సంగీతం చేయడానికి వచ్చాడు. బొంబాయిలోని హెచ్.ఎం.వి. స్టూడియోలో రికార్డింగు. అప్పట్లో ఆ కంపెనీ వ్యవహారాలు చూసే భాస్కర్ మీనన్ గారు ఇతని కోసం కలకత్తా నుంచి రైల్లో రికార్డింగు యంత్రం తెప్పించారట. సాయంత్రం ఆఫీసులు వదిలేవేళకి మెట్లమీద దిగేవాళ్ళ అడుగుల చప్పుడు మైకులో పడుతుంటే, వాయిద్యాలు ఆపేసి కూర్చోవలసి వచ్చేదట. ప్రపంచంలోకెల్లా ఖరీదైన బృందంలోని మనిషి, మన గుమాస్తాలు ఇళ్ళకి పోయేదాకా ఆగడం ముచ్చటగా లేదూ!

ఆ ఏడు నవంబరులో అది 'వండర్‌వాల్ మ్యూజిక్' పేరుతో ఎల్.పి.గా వచ్చింది. నలుగురిలో ఎవరైనా విడిగా, సొంత పేరున తెచ్చిన మొదటి ఎల్.పి. అదే. శివకుమార్ శర్మ గారి సంతూరు, ఆశిష్ ఖాన్ గారి సరోద్, షెహనాయి, తబలా ఒకవైపు. లండన్‌లో వాయించిన గిటార్లు, పియానో మరోవైపు. హారిసన్ గొంతు మాత్రం అందులో ఎక్కడా వినబడదు! సొంతంగా తెచ్చిన మొదటి రికార్డులో తాను పాడకపోవడం చిత్రమే. చిన్న చిన్న ముక్కలు, కొన్ని రుచి తెలిసేలోగానే అయిపోతాయి. కాని ఇందులో మన వాద్యాలు ఇంగ్లీషు పాటకి తాలింపుగింజల్లా పడలేదు. వాటి మానాన వాటిని వాయించనిచ్చి, తాను పక్కన కూర్చుని విన్నాడు. తనను ఎవరూ వినడం లేదని కష్టపడే మనిషి, చోటు దొరగ్గానే తాను వినేవాడిగా మారాడే, అది నాకు నచ్చిన గుణం.

ఆ మరుసటేడు తెచ్చిన 'ఎలక్ట్రానిక్ సౌండ్' సంగతి చెప్పాలంటే నాకు మొహమాటంగానే ఉంది. కొత్తగా వచ్చిన మూగ్ సింథసైజర్ మీట నొక్కితే ఏ శబ్దం వస్తుందో చూసిన వరస అది. ఎల్.పి.కి అటొకటి, ఇటొకటి, మొత్తం రెండే అంశాలు. కొత్త మిక్సీ కొన్న మురిపెంలో ఇంట్లో ఉన్నవన్నీ రుబ్బి చూసుకోవచ్చు గాని, విస్తట్లో వడ్డించకూడదు కదా.

1969 జనవరిలో బృందంలో ఏం జరిగిందో మనం కళ్ళారా చూడవచ్చు. అప్పటి రిహార్సల్స్ సినిమాగా తీశారు. ఆ పాత ఫిల్మునంతా దగ్గర పెట్టుకుని పీటర్ జాక్సన్ 2021లో 'గెట్ బ్యాక్' అని మూడు భాగాల చిత్రం కూర్చాడు. అందులో మెకార్ట్నీ ఇలా వాయించు, అలా వాయించకు అంటూ సూచనలిస్తూంటే హారిసన్ గొంతు పెంచకుండా జవాబిస్తాడు: నువ్వెలా వాయించమంటే అలా వాయిస్తాను, అసలొద్దంటే మానేస్తాను, నీకేది ఇష్టమైతే అదే చేస్తాను అని. ఆ మాట ఆ ధోరణిలో ఎన్ని వంటిళ్ళలో వినలేదు మనం! అందులో వినయం ఎంతుందో, విసుగు అంతకు నాలుగింతలుంది. జనవరి 10న బృందం వదిలి వెళ్ళిపోయాడు. రెండు వారాలు తిరక్కుండానే తిరిగొచ్చాడు.

నన్ను ఆపేసిన సన్నివేశం ఆ తర్వాత వస్తుంది. హారిసన్ లెనన్‌తో నిదానంగా చెబుతాడు. నా వాటా లెక్కన పోతే పదేళ్ళకి సరిపడా పాటలు నా దగ్గర పోగుపడ్డాయి, వాటితో ఒక ఎల్.పి. విడిగా చేసుకుంటాను, అలా చేసుకుంటే మన బృందమూ నిలబడుతుంది కదా అని. చూశారా, అతను అడిగింది వేరు కాపురం కాదు. అదే ఇంట్లో తలుపు వేసుకోగల ఒక గది. లెనన్ కూడా మంచిదే అన్నాడు. కాని ఇల్లే నిలవలేదు. 1970 ఏప్రిల్‌కల్లా బృందం చెదిరిన సంగతి లోకానికి తెలిసిపోయింది.

ఈలోగా 1969లో వచ్చిన 'అబీ రోడ్'లో అతని పాటలు రెండున్నాయి: 'సమ్‌థింగ్', 'హియర్ కమ్స్ ద సన్'. ఈ రెండో పాట పుట్టుక వింటే నవ్వొస్తుంది. కంపెనీలో లెక్కల మీటింగు ఎగ్గొట్టి, స్నేహితుడు ఎరిక్ క్లాప్టన్ ఇంటి తోటలో తిరుగుతూ కట్టాడట. ఆ ఎల్.పి.లో ఇప్పటికీ నలుగురూ ఇష్టంగా వినేవాటిలో ఈ రెండూ ఉన్నాయి. 'సమ్‌థింగ్'ను ఫ్రాంక్ సినాట్రా అంతటివాడు ఆకాశానికెత్తాడు. ఎత్తుతూ ఎత్తుతూ అది లెనన్, మెకార్ట్నీల పాట అని సభలో చెప్పాడు! కూర బాగుందని మెచ్చుకుని, ఆ మెప్పు పెద్దకోడలికి కట్టబెట్టినట్టు.

1970 నవంబరులో గట్టు తెగింది. 'ఆల్ థింగ్స్ మస్ట్ పాస్', అంటే అన్నీ గతించవలసినవే అని పేరు. ఒకటి కాదు, రెండు కాదు, అట్టపెట్టెలో మూడు ఎల్.పి.లు. పేరుపాట 1969లో బృందం సాధన చేసి పక్కన పెట్టినదే. 'ఇజంట్ ఇట్ ఎ పిటీ' 1966 నాటి నుంచి పెట్టెలో మూలుగుతున్నది. 'వా-వా' అలిగి వెళ్ళిన రోజున పుట్టినది. అట్ట మీది బొమ్మలో హారిసన్ తన తోటలో రబ్బరు బూట్లు వేసుకుని కూర్చుంటాడు, చుట్టూ నాలుగు మరుగుజ్జు బొమ్మలు. ఆ నలుగురూ ఎవరో మనం ఊహించుకోవచ్చు.

మొదటి రెండు ఎల్.పి.లూ నిజంగా నిండుకుండలు. ముఖ్యంగా అతని గిటారు వినండి. అంతకు కొద్దికాలం ముందు, 1969 డిసెంబరులో, డిలానీ అండ్ బానీ అనే దంపతుల బృందంలో మామూలు వాద్యగాడిగా ఊళ్ళు తిరిగాడు. అక్కడే స్లైడ్ పద్ధతి పట్టుబడింది. వేలికి గొట్టం తొడిగి తీగ మీద జార్చడమన్నమాట. అలా జార్చినప్పుడు ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతడు, సాగదీసుకుంటూ చేరతాడు. మన చెవికి అది గమకంలాగే తోస్తుంది. సితారులో పండితుణ్ణి కాలేనని తెలుసుకుని 1968 ప్రాంతంలో దాన్ని పక్కన పెట్టాడు. ఆ చదువు మాత్రం వేళ్ళలో ఉండిపోయిందనిపిస్తుంది.

ఇక లోపాలు. ఫిల్ స్పెక్టర్ అనే నిర్మాత ఒక్కొక్క పాటకి వాద్యాల మీద వాద్యాలు పేర్చి, మోత పెంచాడు. నెమ్మదైన గొంతు ఆ పెళ్ళిసందడిలో అక్కడక్కడ మునిగిపోతుంది. ముప్ఫై ఏళ్ళ తర్వాత మళ్ళీ విడుదల చేసేటప్పుడు హారిసనే ఆ మోత తగ్గిస్తే బాగుండునని అనుకున్నాడు. మూడో ఎల్.పి. అయితే స్నేహితులు చేరి సరదాగా వాయించుకున్న వాయింపు. వాళ్ళకి సరదాయే, మనకి ఓపిక కావాలి. వద్దు అని చెప్పే మనిషి ఆ గదిలో లేడు. 'మై స్వీట్ లార్డ్' పాట రెండు దేశాల్లోనూ మొదటి స్థానానికెక్కింది గాని, 1963 నాటి మరొకరి బాణీని తెలియకుండానే అనుకరించాడని 1976లో అమెరికా కోర్టు తీర్పు చెప్పింది. ఈ బాణీ ఎక్కడో విన్నట్టుందే అని మొహం మీద చెప్పేవాడు ఒక్కడుంటే అంతదూరం వచ్చేది కాదేమో.

దీన్ని పట్టుకుని కొందరంటారు: చూశారా, ఎల్.పి.కి రెండే పాటలన్న కట్టుబాటే అతనికి మేలు చేసింది, అది తీసేయగానే నీళ్ళొదిలేశాడు అని. ఈ వాదం నేనొప్పుకోను. నవలలు రాసేదాన్ని కనుక కత్తెర విలువ నాకూ తెలుసు. వారానికి ఇన్ని పేజీలన్న హద్దు రచనకి మంచిదే. కాని కత్తెర వేసేవాడు ముందు చదవాలి. చదవకుండా పక్కన పెట్టేదాన్ని కత్తెర అనరు, నిర్లక్ష్యం అంటారు. నాలుగేళ్ళు పెట్టెలో పడున్న పాట, బాగులేదని పడున్నది కాదు. ఎవరూ పూర్తిగా విననందువల్ల పడున్నది.

మరి అతని పాట ఎప్పుడు బాగుంది? ఈ వరస చూడండి. 1968లో తన పాట మీద మిగతావాళ్ళు శ్రద్ధ పెట్టడం లేదని క్లాప్టన్‌ని స్టూడియోకి వెంటబెట్టుకొచ్చాడు. బయటి మనిషి ఎదుట అందరూ ఒద్దికగా వాయించారు, పాట నిలిచింది. 1971 ఆగస్టు 1న రవిశంకర్ గారి మాట మీద న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టాడు. స్నేహితులందరూ వచ్చారు, చరిత్రలో మిగిలింది. 1974లో గొంతు బొంగురుపోయినా ఆగకుండా అమెరికా అంతా పాడుతూ తిరిగితే విమర్శకులు దుమ్మెత్తిపోశారు. 1987లో జెఫ్ లిన్ తోడుగా చేసిన 'క్లౌడ్ నైన్' మళ్ళీ అతన్ని నిలబెట్టింది. అంటే, చెవి ఒగ్గి వినేవాళ్ళు పక్కనున్నప్పుడల్లా అతను ఎదిగాడు. వినేవాళ్ళు లేనప్పుడు, విని కూడా అవునవునని తలూపేవాళ్ళే ఉన్నప్పుడు, తడబడ్డాడు. సొంతదనం వేరు, ఒంటరితనం వేరు. అతనికి కావలసింది మొదటిది. లోకం మాత్రం సోలో అనే ఒక్క మాటతో రెండింటినీ కట్టిపడేసింది.

చివరికి ఏం చేశాడో తెలుసా? 1988లో ఒక చిన్న రికార్డు రెండో వైపుకి పాట కావలసి వచ్చి బాబ్ డిలన్, రాయ్ ఆర్బిసన్, టామ్ పెటీ, జెఫ్ లిన్‌లని పిలిచాడు. ఆ పాట పోయి పోయి ఒక కొత్త బృందమైంది: ట్రావెలింగ్ విల్బరీస్. అట్ట మీద ఎవరి అసలు పేర్లూ లేవు. అందరూ విల్బరీ అనే ఒకే ఇంటిపేరు పెట్టుకుని, ఒకే తండ్రి బిడ్డలమని వేళాకోళంగా రాసుకున్నారు. ఇతను నెల్సన్ విల్బరీ. ఉమ్మడి కుటుంబంలో నలిగి బయటపడ్డ మనిషి, తీరా స్వేచ్ఛ వచ్చాక మళ్ళీ ఉమ్మడి కుటుంబమే పెట్టుకున్నాడు! కాకపోతే ఇందులో వాటాలు లేవు, పాట ఎవరి గొంతుకి నప్పితే వాళ్ళు పాడారు. అయిదుగురిలో వయసు లెక్కన ఇద్దరు పెద్దవాళ్ళు, ఇద్దరు చిన్నవాళ్ళు. ఎన్నాళ్ళకో ఆఖరి తమ్ముడు నడిమివాడయ్యాడు. అందుకేనేమో ఆ రికార్డులో ఒక నిశ్చింత వినిపిస్తుంది.

2001 నవంబరులో హారిసన్ కన్నుమూశాడు. సగంలో ఉన్న పాటల్ని కొడుకు, జెఫ్ లిన్ కలిసి పూర్తిచేసి మరుసటేడు 'బ్రెయిన్‌వాష్‌డ్' పేరుతో తెచ్చారు. కొడుకు పేరు ధని. మన సప్తస్వరాల్లో చివరి రెండూ, ధ, ని కలిపి పెట్టుకున్న పేరది. ఆ ఎల్.పి. చివర తండ్రీ కొడుకుల గొంతులు కలిసి పార్వతీపతిని స్మరిస్తాయి.

మీ ఇంట్లో కూడా ఒక కథల నోటుబుక్కో, ఒక వీణో, అటక మీద ఉండే ఉంటుంది. అది ఎవరిదో కనుక్కోండి. మెచ్చుకోనక్కరలేదు. ఒక సాయంత్రం కూర్చుని, చివరిదాకా వినండి, చాలు.